చాతం వంతెనకు అటూ ఇటూ



ఈసారి ప్రాంతీయ భాషల విభాగానికి ‘ఎక్కువమందికి తెలియని చోట్లు’ అన్న అంశం ఇచ్చారు. తొమ్మిదో తరగతి వాళ్లలో సగంమంది వెంటనే రష్యా గురించి రాస్తామన్నారు, మిగతావాళ్లు కెనడా అన్నారు. ఎందుకో మాకు తెలియకపోలేదు. అట్లాసులో అవి రెండు పుటలకు సరిపోయేంత పెద్దవి, పైగా చల్లటివి. ఏడాది పొడుగునా చెమట ఆరని ఈ దీవుల్లో ఫ్యాను కింద కూర్చుని మంచు గురించి చదువుకోవడం ఎవరికి చేదు?

రష్యా గురించి మేమూ ఒక సంగతి చెబుతాం. ఆ దేశపు తూర్పు కొసన కంచట్కా అనే ద్వీపకల్పం ఉంది. అక్కడ నేలలోంచి వేడినీళ్లు ఫౌంటెన్లలా ఎగజిమ్మే బుగ్గలతో నిండిన ఒక లోయ ఉంది. అంత పెద్ద లోయ ఉన్న సంగతి 1941 దాకా శాస్త్రవేత్తలకు తెలియదు. ఆ ఏడు ఏప్రిల్‌లో తత్యానా ఉస్తినోవా అనే భూగర్భ శాస్త్రవేత్త మంచులో నడుచుకుంటూ వెళ్లి దాన్ని చూసింది. ఆమె వెంట దారి తెలిసిన ఒక స్థానికుడు కూడా ఉన్నాడు. ఆయన పేరు అనిసిఫోర్ క్రుపెనిన్. లోయను కనుగొన్నది ఎవరు అని పరీక్షలో అడిగితే మీరు ఒక్క పేరే రాస్తారు. రెండో పేరు కూడా గుర్తుపెట్టుకోండి, మార్కులు రాకపోయినా సరే.

‘కనుగొను’ అన్న మాట వచ్చింది కాబట్టి దాన్ని కాసేపు విప్పి చూద్దాం. ‘కను’ అంటే చూడు. దానికి ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసినవాడికే దక్కుతుందని అర్థం. వండు, వండుకొను. చెప్పు, చెప్పుకొను. అలాగే కను, కనుగొను. ఇక్కడ ‘కొను’లోని క కాస్తా గ అయింది. ఎవరూ ఎన్నడూ చూడనిదాన్ని మొదటిసారి చూడాలన్న షరతు ఈ మాటలో లేదు. నీ కోసం నువ్వు చూస్తే చాలు, అదీ కనుగొనడమే. ఈ లెక్కన మీరు కనుగొనవలసినవి కంచట్కాలో కాదు, చాతం వంతెనకు అటూ ఇటూ చాలానే ఉన్నాయి.

ఇలా చెప్పడానికి మాకో కారణముంది. ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్లలో ఇది మా అయిదో ఊరు. జోధ్‌పూర్, లేహ్, తేజ్‌పూర్, మధ్యలో ఒక ఏడాది విశాఖ, ఇప్పుడు ఇక్కడ. ప్రతి ఊరి బడిలోనూ మీలాంటి పిల్లలే మా ముందు కూర్చున్నారు. నాన్న సైన్యంలోనో నౌకాదళంలోనో, అమ్మ తపాలా శాఖలోనో వాతావరణ కేంద్రంలోనో. మూడేళ్లకోసారి సామాన్లు అట్టపెట్టెల్లోకి ఎక్కుతాయి. కొత్త బడిలో మొదటివారం ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: “అక్కడ ఏముంటుంది?” అండమాన్ నుంచి వెళ్లిన పిల్లలు చెప్పే జవాబు ఒకటే: “సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్.” మూడేళ్లు ఉన్నవాడూ మూడు రోజులు టూరుకి వచ్చినవాడూ ఒకే జవాబు చెబితే, ఆ మూడేళ్లు ఎటు పోయినట్టు? మీకు సొంతూరు అంటే వేసవి సెలవుల్లో చూసే తాతగారి ఊరు. మిగతా పదకొండు నెలలు గడిపిన ఊళ్లు ఎవరివీ కాకుండా పోతున్నాయి.

చాతంతోనే మొదలుపెడదాం. ఇది దీవి అన్న సంగతే చాలామంది మరిచిపోతారు. వంద మీటర్ల వంతెన దాటడానికి ఆటోకు అర నిమిషం కూడా పట్టదు మరి. ఈ ప్రాంతంలో కంపెనీవాళ్లు మొదట కాలుపెట్టి స్థిరపడాలనుకున్న చోటు ఇదే. ఈస్టిండియా కంపెనీ నౌకాదళంలో పనిచేసే ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ తీరాలను సర్వే చేసి, 1789లో చాతం మీద ఒక చిన్న వలస నెలకొల్పాడు. అప్పుడు ఈ రేవుకు పెట్టిన పేరు పోర్ట్ కార్న్‌వాలిస్. మూడేళ్లకే, 1792లో, పైవారి ఉత్తర్వుతో వలస మొత్తాన్ని ఉత్తర అండమాన్‌కు మార్చారు. పేరు కూడా వెంట తీసుకుపోయారు. అక్కడ జ్వరాలు పట్టుకుని మనుషులు రాలిపోవడంతో 1796లో మూసేశారు. మూడేళ్లకు బదిలీ కావడం ఈ దీవిలో మీతో మొదలైంది కాదు!

తర్వాత 62 ఏళ్లు ఎవరూ రాలేదు. 1857 తిరుగుబాటు అణిచాక ఖైదీలను ఎక్కడ పెట్టాలో తోచక ఆంగ్లేయులకు ఈ దీవులు మళ్లీ గుర్తొచ్చాయి. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో ఓడ దిగాడు. మొదట అడవి కొట్టించింది చాతంలోనే. కానీ ఇక్కడ తాగునీటికి కటకట. అందుకని రాస్ దీవికి మారారు. చుట్టూ ఇన్ని నీళ్లుండి తాగడానికి చుక్క లేకపోవడం అప్పటి కథ మాత్రమేనా? ట్యాంకరు కోసం బకెట్లు వరసపెట్టిన ఇళ్లవాళ్లను అడగండి.

ఇక సామిల్లు. దీన్ని 1883లో పెట్టారు. ఆసియాలోని పాత, పెద్ద కలప మిల్లుల్లో ఒకటి. దుంగలు నీటిమీదుగా రావడం, రంపం కిందికి వెళ్లడం, పలకలై బయటికి రావడం – ఈ వరస నూరేళ్లకు పైగా సాగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గొయ్యి మిల్లు ఆవరణలో ఇప్పటికీ ఉంది. చూడటానికి వచ్చినవాళ్లందరూ గొయ్యి దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు మాత్రం పక్కనున్న అటవీ మ్యూజియంలోకి వెళ్లి పడౌక్ చెక్క ముందు నిలబడండి. ఎర్రగా, నునుపుగా ఉంటుంది. ఇక్కడి పడౌక్ ఇంగ్లండు రాజభవనం గోడలకు ఎక్కిందని గైడ్లు గొప్పగా చెబుతారు. మాకు అంతకంటే గొప్పగా తోచే సంగతి ఇంకోటుంది. పడౌక్‌కు, మన శేషాచలం కొండల ఎర్రచందనానికి, మన అడవుల్లో పెరిగే వేగిసకు ఇంటిపేరు ఒకటే. మూడూ టెరోకార్పస్ అనే ఒకే ప్రజాతికి చెందిన చెట్లు. మధ్యలో బంగాళాఖాతం ఉన్నా ఒకే కుటుంబం. సైన్సు మాస్టారిని అడిగితే ఆకులు, గుండ్రటి రెక్కల కాయలు పక్కపక్కన పెట్టి చూపిస్తారు.

ఈ మిల్లు ఇప్పుడు మునుపటంత చప్పుడు చెయ్యదు. 2002లో సుప్రీంకోర్టు ఈ దీవుల్లో చెట్ల నరికివేతకు గట్టి పగ్గాలు వేసింది. అడవికి అది మేలే. మరి తరతరాలుగా మిల్లు మీద బతికినవాళ్ల సంగతి? రెండూ ఒకేసారి ఆలోచించడం కష్టం, అయినా ఆలోచించాలి. చాతంలో ఉంటూ ఒక్క విశ్రాంత కార్మికుణ్నయినా పలకరించకుండా వెళ్లిపోతే, గొయ్యి దగ్గర ఫొటో దిగినవాళ్లకీ మీకూ తేడా ఉండదు. దుంగలు లాగిన ఏనుగుల కథలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఆ ఏనుగులూ ఓడలెక్కి వచ్చినవే. మధ్య అండమాన్ పడమటి తీరాన ఇంటర్వ్యూ అని ఒక దీవి ఉంది. అక్కడ కలప పని మానేసిన ఒక కంపెనీ తన ఏనుగుల్ని వదిలేసి పోయింది. వాటి సంతతి అడవి ఏనుగులై ఇప్పటికీ తిరుగుతోంది. రిటర్న్ టికెట్ ఇవ్వని బదిలీ అది.

చాతం జెట్టీలో వెహికిల్ ఫెర్రీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో బాంబూ ఫ్లాట్ చేరతాం. అక్కడి నుంచి పైకి కనిపించే కొండను పెద్దవాళ్లు మౌంట్ హారియట్ అంటారు. 1860లలో ఇక్కడ సూపరింటెండెంటుగా ఉన్న టైట్లర్ భార్య పేరు అది. 2021లో దాన్ని మౌంట్ మణిపూర్ అని మార్చారు. 1891 యుద్ధంలో ఓడిపోయిన మణిపూర్ రాజు కులచంద్ర ధ్వజ సింగ్‌ను, ఆయన మనుషుల్ని ఆంగ్లేయులు ఈ కొండమీద ఉంచారు. కొండల రాజ్యం నుంచి వచ్చినవాళ్లకు కొండనే ఇచ్చారు, చుట్టూ సముద్రం పెట్టి. ఇంట్లో పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఉంటే వెనక్కి తిప్పండి. దానిమీద కొబ్బరిచెట్ల వెనక కనిపించే దృశ్యం ఈ కొండమీంచి చూసిన నార్త్ బేదే. కొత్త నోటు మీద ఎల్లోరా గుహలొచ్చాయి. పాతది దొరికితే ఖర్చుపెట్టకుండా దాచుకోండి.

కొండ కింద, సముద్రపు ఒడ్డున హోప్‌టౌన్. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో కొండమీద సూర్యాస్తమయం చూసి దిగి, చీకట్లో పడవ ఎక్కబోతుంటే షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. మరుసటి నెలలో వైపర్ దీవిలో షేర్ అలీని ఉరితీశారు. ఈ రెండు చోట్లూ, మీరు ఎక్కిన ఫెర్రీ తిరిగే ఈ నీళ్ల ఒడ్డునే ఉన్నాయి.

ఇప్పుడు చెప్పబోయే చోటు పేరు మీ చరిత్ర పుస్తకంలో లేదు. అండమాన్‌ను 1942 మార్చి నుంచి 1945 దాకా జపానువాళ్లు ఏలారు. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరవేశారని మీకందరికీ తెలుసు, అసెంబ్లీలో చెప్పారు కూడా. సరిగ్గా నెల తర్వాత, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్ అనే చోట జపాను సైనికులు 44 మంది భారతీయులను గూఢచారులన్న నెపంతో కాల్చి చంపారు. వాళ్లలో నేతాజీని ఆహ్వానించిన భారత స్వాతంత్ర్య సంఘం సభ్యులే ఎక్కువమంది. అక్కడ ఒక స్మారకం ఉంది. పెద్ద బోర్డులు, దుకాణాలు ఏమీ లేవు. రెండు తేదీల మధ్య ముప్పై ఒక్క రోజులు. మొదటి తేదీకి ఊరంతా లైట్లు పెడతారు, రెండో తేదీన హంఫ్రీగంజ్‌లో కొద్దిమందే కనిపిస్తారు. మొదటిది గొప్పది కాదని మేము అనడం లేదు. రెండూ కలిపి చెబితేనే కథ పూర్తవుతుందంటున్నాం.

అంతకు రెండు వారాల ముందు, జనవరి 14న, సెల్యులార్ జైల్లో చిత్రహింసలకు గురై ఒక డాక్టరు చనిపోయారు. ఆయన దివాన్ సింగ్. 1927లో బదిలీ మీద ఇక్కడికి వచ్చిన ప్రభుత్వ వైద్యుడు. పంజాబీలో పేరున్న కవి, ‘వగ్‌దే పాణీ’ అనే సంపుటి రాశారు. ఆ పేరుకు అర్థం పారే నీళ్లు. ఈ ఊరి పేరునే తన పేరు చివర కట్టుకుని దివాన్ సింగ్ కాలేపాణీ అయ్యారు. ఎవరైనా బదిలీ మీద వచ్చిన ఊరిని ఇంటిపేరు చేసుకుంటారా? ఆయన పేరుమీద ఉన్న గురుద్వారా ముందు నుంచి మన బడి బస్సులు రోజూ వెళుతుంటాయి.

తెలుగు గురించి ఒక మాట. మీరు తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడేది బడిలోనే, ఊళ్లో కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనంలో సుమారు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగని రాయించారు. అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, కూలికి, వ్యాపారానికి వచ్చి నిలిచిపోయినవాళ్లు ఎంతోమంది. సాయంత్రం జంగ్లీఘాట్ చేపల బజారుకు వెళ్లి చెవులు రిక్కించండి. “ఏటమ్మా, ఏటి కావాల?” అన్న పలకరింపు వినబడుతుంది. పుస్తకాల తెలుగు కాదది, సముద్రం దాటొచ్చిన తెలుగు. పాఠంలో లేని చేపల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు వాళ్ల నోట దొరుకుతాయి. దీవికి మనకెన్ని మాటలున్నాయో కూడా వాళ్లను చూస్తే గుర్తొస్తుంది. ద్వీపం సంస్కృతం నుంచి వచ్చింది. అదే అరిగి దీవి అయింది, కృష్ణ ఒడ్డున దివిసీమ అయింది. గోదావరి పాయల మధ్య ఉంటే లంక: ఎదుర్లంక, కనకాయలంక. ఇసుక మేటవేసి నీళ్లపైకి తేలితే తిప్ప. హిందీ క్లాసులో అన్నింటికీ ‘ద్వీప్’ ఒక్కటే రాస్తారు, తెలుగులో మాత్రం అది ఏ నీళ్లలో ఉందో చూసి పేరు పెట్టాలి.

పేర్ల సంగతికొస్తే ఈ దీవుల మ్యాపు బలే చిత్రమైనది. దక్షిణ అండమాన్‌లో కాలికట్ ఉంది, వండూర్ ఉంది, మంజేరి ఉంది, తిరూర్ ఉంది. కేరళ మ్యాపును ఎవరో చింపి ఇక్కడ అంటించినట్టుంటుంది. 1921లో మలబారులో తిరగబడిన మాప్పిళాలను ఇక్కడికి తెచ్చి పడేశారు. తర్వాత వాళ్ల కుటుంబాలూ వచ్చి చేరాయి. వెళ్లడానికి వీల్లేని ఊళ్ల పేర్లను వాళ్లు ఉన్న ఊళ్లకు పెట్టుకున్నారు. మాయాబందర్ దగ్గర ఇంకో ఊరుంది, వెబీ. 1925లో బర్మా నుంచి అడవి పనులకు తెచ్చిన కరెన్ జనం కట్టుకున్న ఊరు. వాళ్ల భాషలో వెబీ అంటే దాగి ఉన్న ఊరు అని అర్థం. ‘ఎక్కువమందికి తెలియని చోట్లు’ అన్న మన శీర్షికకు ఇంతకంటే తగిన పేరు రష్యా మొత్తం వెతికినా దొరుకుతుందా? నూరేళ్లుగా అక్కడివాళ్లు ఇంట్లో కరెన్, బజారులో హిందీ మాట్లాడుతూ రెండూ నిలుపుకొస్తున్నారు. “రెండు భాషలైతే పిల్లలకు బరువు” అనే తల్లిదండ్రులను ఒకసారి వెబీకి పంపాలని మాకు ఉంటుంది.

ఉత్తరాన దిగ్లీపూర్ చుట్టుపక్కల చూడవలసినవి చాలానే ఉన్నాయి. ఈ దీవులన్నింటిలో ఎత్తయిన శాడిల్ పీక్, 732 మీటర్లు. శీతాకాలంలో నాలుగు జాతుల తాబేళ్లు గుడ్లుపెట్టే కాలీపూర్ తీరం. రామ్‌నగర్ దగ్గరి ఆల్ఫ్రెడ్ గుహలు మాత్రం తీరిగ్గా చూడాలి. అక్కడి పక్షులు తమ ఉమ్మితో గూళ్లు కడతాయి. ఆ గూళ్లతో చైనా వంటల్లో సూపు చేస్తారు కాబట్టి దొంగల బెడద కూడా ఉంది. చిమ్మచీకట్లో ఆ పిట్టలు టిక్ టిక్ మని చప్పుడు చేసి, ప్రతిధ్వని విని దారి తెలుసుకుంటాయి. గబ్బిలాల గురించి చదివారు కదా, ఆ పని చేసే పక్షులు లోకంలో చాలా తక్కువ.

బారాటాంగ్ బురద అగ్నిపర్వతం చూసి నిరాశపడని పిల్లవాణ్ని మేము ఇంతవరకు చూడలేదు. పేరు అంత గంభీరం, తీరా చూస్తే చల్లటి బురద బుడగలు! నేల లోపల కుళ్లిన పదార్థాల నుంచి పుట్టిన వాయువు బురదను తోసుకుని పైకి వస్తుంది, నిప్పుకు దానితో సంబంధం లేదు. కానీ అక్కడి సున్నపురాతి గుహలకు పడవలో వెళ్లే దారి ఉంది చూడండి, రెండువైపులా మడ అడవులు కమ్ముకుని, నీళ్ల మీద ఆకుపచ్చ సొరంగంలా ఉంటుంది. కాకినాడ దగ్గరి కోరింగ చూసినవాళ్లకు అది మేనమామ ఊరిలా అనిపిస్తుంది. ఆ పడవలెక్కే రేవు పేరేమిటో తెలుసా? నీలంబూర్. అదీ కేరళ నుంచి వచ్చిందే.

నిజమైన నిప్పుల కొండ కావాలంటే బ్యారన్ దీవి ఉంది, ఇక్కడికి ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో. మన దేశంలో సజీవంగా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో లేచింది, ఆ తర్వాత చాలాసార్లు పొగ, బూడిద కక్కింది. దిగనివ్వరు, ఓడమీంచి చూడాలి. పేరుకు బంజరు దీవి గానీ, ఎవరో ఎప్పుడో వదిలిన మేకల సంతతి అక్కడ బతుకుతోంది. దానికి ఉత్తరాన నార్కండం. ఏడు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ దీవిలో మాత్రమే ఒక రకం హార్న్‌బిల్ పక్షి ఉంటుంది, భూమ్మీద మరెక్కడా లేదు. మనుషులుగా ఒక పోలీసు ఔట్‌పోస్టు వాళ్లు మాత్రం ఉంటారు. వాళ్లకూ బదిలీలే, పక్షికి మాత్రం మరో చోటు లేదు.

ఇన్ని చెప్పి, చూడకూడని చోట్ల గురించి చెప్పకపోతే పాఠం సగమే అవుతుంది. నార్త్ సెంటినెల్ దీవికి అయిదు నాటికల్ మైళ్ల దరిదాపుల్లోకి ఎవరూ వెళ్లకూడదు. అక్కడి జనం బయటివాళ్లు వద్దని ఎన్నోసార్లు తెలియజేశారు. బారాటాంగ్ వెళ్లే రోడ్డు జారవాల అడవిలోంచి పోతుంది. అక్కడ వాహనాలు జిర్కాటాంగ్ నుంచి గుంపుగా, ఆగకుండా వెళ్లాలి. ఫొటోలు తీయడం నేరం. తీసినవాళ్లు ఉన్నారు, బిస్కెట్లు విసిరినవాళ్లూ ఉన్నారు. ఈ సెలవుల్లో మీరు ఆ దారిన వెళితే ఫోను సంచిలో పెట్టేయండి. కారులో ముందు కూర్చున్న పెద్దవాళ్లు తీయబోతే మీరే చెప్పండి. వాళ్లకు కాస్త కోపం వస్తుంది, రానివ్వండి. ఒకరి ఇంటి కిటికీలోంచి తొంగిచూడటాన్ని కనుగొనడం అనరు.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. పేర్లు మారతాయి సరే, ఈ దీవుల్లో నేల కూడా మారుతుంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం ఈ దీవులను ఒక పక్క ఎత్తి ఒక పక్క ముంచింది. ఉత్తరాన దిగ్లీపూర్ వైపు తీరం పైకి లేచి పగడపు దిబ్బలు ఎండలో బయటపడ్డాయి. మన వైపు నేల సుమారు మీటరు కుంగింది. వండూర్ వెళ్లే దారిలో సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్క నీళ్లలో ఎండిన చెట్ల మోళ్లు కనిపిస్తాయే, అవన్నీ ఒకప్పటి వరిచేలూ తోటలూ. ఇప్పుడక్కడ కొంగలు, బాతులు దిగుతాయి. బైనాక్యులర్లతో వచ్చేవాళ్లకు అది పక్షుల చెరువు. ఆ మళ్లలో నాట్లు వేసినవాళ్లకు? ఒకే చోటుకు రెండు కథలుంటాయి. బస్సు కిటికీలోంచి మొదటిది మాత్రమే కనిపిస్తుంది.

అన్నింటికంటే దక్షిణాన గ్రేట్ నికోబార్. దాని కొసన ఇందిరా పాయింట్, దేశపు దక్షిణపు చివర. ఆ ఉదయం అక్కడి నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. గట్టున ఉన్న లైట్‌హౌస్ ఒక్కసారిగా నీళ్లలో నిలబడింది. అది నిలిచింది గానీ, చుట్టూ ఉన్న ఇళ్లు నిలవలేదు. ఆ దీవిలో 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలకు భూములిచ్చి స్థిరపరిచారు. పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చారు వాళ్లు. గాంధీనగర్, శాస్త్రినగర్, గోవింద్‌నగర్ అని ఊళ్లు కట్టుకున్నారు. బదిలీల జీవితం ముగిశాక, ఇక కదలం అనుకుని ఎంచుకున్న చోటు అది. సునామీ వాళ్లను మళ్లీ కదిలించింది. ఇప్పుడు గలాతియా బే దగ్గర పెద్ద ఓడరేవు కట్టే పథకం నడుస్తోంది. అక్కడే తోలు తాబేళ్లు గుడ్లు పెడతాయి, దాని మీద దేశమంతా వాదోపవాదాలు జరుగుతున్నాయి. ఎటు తేలినా ఆ తీరం పదేళ్ల తర్వాత ఇప్పటిలా ఉండదు. క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చిన పిల్లలు మన బడిలోనూ ఉన్నారు. వాళ్లకు గుర్తున్నది ఇప్పుడే రాయించుకోవాలి.

అందుకని ఇంటిపని ఇదీ. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు తెలుగు తెలిసినవాళ్లందరూ ఒక్కొక్క చోటు ఎంచుకోండి. ఈ వ్యాసంలో చెప్పినవి వద్దు, మీ క్వార్టర్సు నుంచి నడిచి వెళ్లగలిగినదైతే మరీ మంచిది. ఆ చోటు పేరు ఎక్కడి నుంచి వచ్చింది, అంతకుముందు దాన్ని ఏమనేవారు, అక్కడ ఎక్కువకాలంగా ఉంటున్న మనిషి ఎవరు, ఏ ఊరి నుంచి ఎప్పుడు ఓడ దిగారు, 2004లో అక్కడ ఏం జరిగింది – ఇవి అడిగి తెలుసుకుని రెండు పుటలు రాయండి. చెప్పినవాళ్లు వాడిన మాటను వాడినట్టే రాయండి, దాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దకండి. వాళ్లు వద్దంటే పేరు రాయకండి. ఇంటర్నెట్‌లో దొరికింది ఒక్క వాక్యం ఉన్నా పుట వెనక్కి ఇచ్చేస్తాం.

తెలుగు మాట్లాడటం వచ్చి రాయడం రానివాళ్లు మధ్యాహ్నం భోజనాల గంటలో మా దగ్గరికి రండి, మీరు చెబుతుంటే మేము రాస్తాం. ఈ మార్చిలో బదిలీ అయ్యేవాళ్లు ముందుగా ఇవ్వండి. వెళ్లేటప్పుడు మీ పుటల నకలు ఒకటి మీకూ ఇస్తాం, కొత్త బడిలో ఎవరైనా అడిగితే చూపించవచ్చు. సామిల్లు చూడటానికి వెళ్లేవాళ్లు ఆదివారం వెళ్లకండి, సెలవు.